గుర్రానికి గుర్రం ప్రోటీనే!

మత్తిగిరి (హోసూరు): మత్తిగిరి పశువుల ఫారం అనగానే ఆవులు, ఎద్దులే గుర్తొస్తాయి. కానీ 1824లో సుమారు 1,600 ఎకరాల్లో ఇది మొదలైంది గుర్రాల కోసం. సైన్యానికి కావలసిన గుర్రాలను ఇక్కడ పెంచేవారు. అప్పట్లో గుర్రానికి జ్వరమొస్తే ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే దారే లేదు.

ఇప్పుడుంది. వేలెడంత సీసాలో అడుగున అంటుకున్న పిసరంత తెల్లపొడి. పేరు రీకాంబినెంట్ గుర్రపు ఇంటర్‌ఫెరాన్!

కణం పంపే కబురు

వైరస్ సోకిన కణం పక్క కణాలకు ‘జాగ్రత్త’ అని కబురు పెడుతుంది. ఆ కబురే ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్‌లు కోడిగుడ్డు పొరలపై ఫ్లూ వైరస్‌తో ప్రయోగాలు చేస్తూ దీన్ని కనిపెట్టారు. వైరస్‌కు అడ్డుపడుతుంది గనుక ఆ పేరు.

చిక్కల్లా ఒకటే. ఒక జంతువుది మరో జంతువుకు సరిగా అతకదు. గామా రకానికైతే ఈ పట్టింపు మరీ ఎక్కువ. అందుకే గుర్రాల పరిశోధనకు గుర్రందే కావాలి.

రక్తం తీయక్కర్లేదు

పల్లెల్లో అందరికీ తెలిసిన పాముకాటు మందుకు నేటికీ గుర్రం రక్తమే ఆధారం. కొద్దికొద్దిగా విషం ఎక్కించి, తర్వాత రక్తం తీసి, సీరం వేరుచేస్తారు. ఇంటర్‌ఫెరాన్‌కు ఆ బాధ లేదు. గుర్రం జన్యువును ఈ-కొలై బ్యాక్టీరియాలో చేరిస్తే అదే తయారుచేసి పెడుతుంది. 1986లోనే ఇలా చేసి చూపారు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకాదీ ఇదే బాపతు. అక్కడ పనిచేసింది ఈస్ట్, అంతే తేడా.

2008-09లో దేశంలో గుర్రాల ఫ్లూ చెలరేగింది. ఆ సెగ పక్కనే ఉన్న బెంగళూరు పందేలకూ తగిలింది. టీకా వేసిన గుర్రం రక్తకణాలు ఎంత ఇంటర్‌ఫెరాన్ వదిలాయో కొలవాలంటే పోల్చి చూసేందుకు ఒక తూకంరాయి కావాలి. సీసాలోది ఆ తూకంరాయే.

ఇంజెక్షన్ కాదు

మరి జబ్బు గుర్రానికి ఇదే ఎక్కిస్తే పోదా? పోదు సరికదా, ప్రాణం మీదికి రావచ్చు. సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటుంది. మందులకు చేసే భద్రతా పరీక్షలు దీనికి చేయరు. బ్యాక్టీరియాలో తయారైంది కాబట్టి ఎండోటాక్సిన్ అనే విషం ఆనవాళ్లు మిగిలి ఉండవచ్చు. ఆ విషాన్ని గుర్రం అస్సలు తట్టుకోలేదు. రవ్వంత రక్తంలో కలిసినా జ్వరం, షాక్, గిట్టల వాపు దాకా వెళ్తుంది.