పాలరాతి సమాధిఫలకమును శుభ్రపరచుట

నవంబరు 2వ తేదీ సమీపించుసరికి మన పట్టణములలోని క్రైస్తవుల సమాధులతోటలలో సందడి మొదలగును. గడ్డి కోయుదురు, ఇటుకకట్టు సమాధులకు వెల్ల వేయుదురు, ఆనాటి సాయంకాలమున పూలదండలుంచి కొవ్వొత్తులు వెలిగింతురు. ఇటుకకట్టునకు ఏటేట వెల్ల వేసినందున వచ్చు నష్టము లేదు. కాని తాతల కాలమున పేరును, తేదీలను చెక్కించి నిలిపిన పాలరాతి ఫలకము సంగతి వేరు. నల్లబడినదని, పాచిపట్టినదని ప్రేమతో తోమబోయి, తరతరములుగా నిలిచిన అక్షరములను ఒక్కపూటలో అరగదీయుట కష్టమైన పని కాదు. అట్టి ఫలకమును ఇంటివారు తామే శుభ్రపరచుకొనవచ్చునా యన్నచో, నిక్షేపముగా శుభ్రపరచుకొనవచ్చుననియే మేము చెప్పుదుము. అయితే అది ఎట్టి రాయియో ముందుగా తెలిసికొనవలెను.

పాలరాయి చూపునకు గట్టిదే గాని పుట్టుకచేత సున్నపురాయి. భూగర్భమున వేడిమికి, ఒత్తిడికి లోనై స్ఫటికములుగా మారిన సున్నపురాయినే మనము పాలరాయి యనుచున్నాము. రాజస్థానములోని మక్రానా రాయియైనను, ఇటలీ దేశపు కరారా రాయియైనను ఇంతే. పులుపు తగిలిన కరగును. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పుల్లనై కురియును. పొగ దట్టముగా నుండు పట్టణములలో ఆ పులుపు మరింత హెచ్చు. ఏటేట పడు ఆ వాన రాతిలోని రేణువుల పట్టును సడలించును. అందుచేతనే ఎండవానలకు బాగుగా నలిగిన ఫలకమును వ్రేలితో రాచినచో పంచదారవంటి పొడి రాలును.

1880లో ఆర్చిబాల్డ్ గైకీ యను భూగర్భశాస్త్రవేత్త ఎడింబరో నగరపు సమాధిఫలకములను పరిశీలించి, అచటి గాలివానలకు పాలరాయి నూరేండ్లు కూడ తట్టుకొనలేదని తేల్చెను. ఆయన చూపిన ఉదాహరణములలో జోసెఫ్ బ్లాక్ సమాధి యొకటి. బ్లాక్ 1799లో మరణించెను. ఎనుబదియేండ్లు గడచునప్పటికే ఆయన ఫలకముపై వ్రాత కొంతవరకు చెరిగిపోయెను. సున్నపురాయివంటి పదార్థములలో బంధింపబడియున్న బొగ్గుపులుసు వాయువును గుర్తించి 1756లో లోకమునకు వెల్లడించిన రసాయనశాస్త్రజ్ఞుడు ఈ బ్లాక్ మహాశయుడే యగుట విచిత్రము.

స్నానపుగదులు కడుగు యాసిడ్‌ను పాలరాతిపై పోసినపుడు బుసబుస నురగ లేచును. మురికి పొంగిపోవుచున్నదని సంతోషింతుము. పొంగునది మురికి కాదు, రాయి. ఆ బుడగలలో ఎగిరిపోవునది బ్లాక్ కనుగొనిన వాయువే. తెల్లదనము కనబడుటయు నిజమే. పైపొర పోయి లోపలి పొర బయటపడిన తెల్లదనమది. అక్షరములుండునది ఆ పైపొరలోనే కదా! ఇత్తడి బిందెలను చింతపండుతో తళతళలాడించు అలవాటు మన ఇండ్లలో కలదు. ఆ చేయి ఈ రాతిమీదికి పోరాదు. నిమ్మకాయయు, వెనిగరును అట్టివే. బ్లీచింగు పొడి, బట్టల సోడా పులుపు కావుగాని, వాటి లవణములు రాతి రంధ్రములలో నిలిచి, ఆరినపుడు స్ఫటికములై రేణువులను వెలికి నెట్టును. చవుడెక్కిన గోడ పొక్కులు లేచి రాలుట అందరు నెరిగినదే, ఇదియు అట్టిదే.

ఇక పని. ఫలకము మన కుటుంబమునదై యుండవలెను. సమాధులతోటను చూచు పెద్దల అనుమతి పొందవలెను. మచిలీపట్నమునందలి డచ్చివారి సమాధులవలె పురావస్తుశాఖ రక్షణలోనున్న వాటిని మనము తాకనే రాదు. పిదప రాతిని పరీక్షింపవలెను. నిలువుఫలకము కదలుచున్నచో దానిక్రింద కూర్చుండరాదు. అది మీద పడిన ప్రాణాపాయము. వ్రేలి కణుపుతో మెల్లగా తట్టిచూచినపుడు డొల్లమ్రోత వచ్చినను, పొడి రాలినను, బీటలున్నను కుంచెను ఇంటికి తీసికొని పోవుటయే మేలు. అట్టి రాతికి నీటి తోముడు కూడ ఎక్కువే.

గట్టిగా నున్న రాతికి కావలసినవి రెండు బకెట్లు, మెత్తని కుంచెలు, విస్తారముగా మంచినీరు. బోరునీటిలో లవణములు హెచ్చుగా నుండుటచేత పట్టియుంచిన వాననీరు శ్రేష్ఠము. అది లేనిచో త్రాగునీరు. ఎండ ముదురకముందే, రాయి చల్లగానున్న ప్రాతఃకాలమున మొదలుపెట్టవలెను. ముందుగా ఫలకము నంతటిని తనివితీర తడిపి కొంతసేపు ఊరనీయవలెను. ఎండిన పాచిని గోకుటకంటె నానిన పాచిని తుడుచుట ఎంతో సుకరము. తరువాత క్రిందినుండి పైకి, జానెడు జానెడు చొప్పున, కుంచెను సున్నితముగా త్రిప్పుచు, వెంటవెంటనే కడుగుచు పోవలెను. పైనుండి మొదలిడినచో మురికినీరు క్రింది పొడిరాతిపై చారలు దిగును. ఇనుపతీగల కుంచె, ఉక్కుపీచు, ఇసుక పనికిరావు. కొబ్బరిపీచు కూడ వలదు; దాని గరుకొకటి, తడిసి వదలు గోధుమరంగొకటి. ఒత్తిడితో నీటిని చిమ్ము యంత్రములు కారు కడుగుటకు మంచివి, ఇచట కావు. మందముగా పట్టిన పాచిని వెదురుపుల్లతో తీయవచ్చును, కత్తితో కాదు. అక్షరముల సందులకు వాడి మెత్తబడిన పండ్లకుంచెను మించినది లేదు.

కొవ్వొత్తి మైనము కారి గడ్డకట్టినచోట మంచుముక్క నుంచిన అది పెళుసెక్కి పుల్లకే ఊడివచ్చును. అది విడిచిన జిడ్డుమరకకు ముల్తానీమట్టి కలదు. పురావస్తుశాఖవారు 1994 మొదలుకొని తాజమహలుకు పలుమారులు పట్టించినది ఈ మట్టిలేపనమే. సుగంధములు, పసుపు కలిపిన ముఖలేపనపు పొట్లము కాక శుద్ధమైన మట్టిని తెచ్చి, మంచినీటితో ముద్దచేసి మరకపై పట్టించి, పలుచని ప్లాస్టిక్ కాగితము కప్పి, ఒకదినము తరువాత తీసి కడుగవలెను. ఇనుపచువ్వ త్రుప్పువలన కలిగిన మరకలు మన చేతికి లొంగవు. ప్రక్క సమాధికి వేయు వెల్ల చిందినచో తడిగానున్నపుడే కడిగివేయవలెను. గట్టిపడిన పిదప వెల్లయు, పాలరాయియు ఒకే పదార్థము. వెల్లను కరిగించు ద్రవమేదైనను రాతిని కూడ కరిగించును.

ఎంతవరకు తోమవలెనను ప్రశ్నకు సమాధానము చాలమందికి రుచింపదు. రాయి కొత్తదివలె తెల్లబడనక్కరలేదు. పాచి పోయి పేరు చదువ వీలైనచో పని ముగిసినట్లే. మిగిలిన బూడిదవన్నె దాని వయస్సు. ఎంత సున్నితముగా తోమినను ప్రతి పర్యాయము ఏ కొన్ని రేణువులైనను పోవును. కనుక ఏటేట పండుగకు మంచినీటితో కడిగిన చాలును; కుంచె పని ఏండ్లకొకమారు, అవసరము కనబడిననే.

చెరిగిన వ్రాతను చదువుటకు సుద్దముక్కతో గీయువారు కలరు. దానికన్న అద్దము మేలు. ఎండను అద్దమున పట్టి ప్రక్కవాటుగా రాతిపైకి మరల్చినచో, ఎదుటినుండి కనబడని అక్షరములు కూడ నీడలు తొడిగి లేచివచ్చును. కుంచె ముట్టుకొనకముందే ఒకరు అద్దము పట్టుకొనగా మరియొకరు ఆ పేరును, తేదీలను ఉన్నదున్నట్లు కాగితముపై వ్రాసికొని, ఛాయాచిత్రము కూడ తీసి ఇంట భద్రపరచవలెను.