వాచీ చెప్పే గుండె లెక్క.. ఎంత నిజం?

వేలకు వేలు పోసి కొన్న స్పోర్ట్స్ వాచీ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో క్షణక్షణం చూపిస్తుంది. మరి ఆ అంకెను ఎప్పుడు నమ్మాలి? ఎప్పుడు నమ్మకూడదు? ఇది తెలియకపోతే అక్కర్లేని చోట కంగారు పడతాం. అసలు జాగ్రత్త పడాల్సిన చోట ఊరుకుంటాం.

మీది స్టేషన్ ఘన్‌పూర్ అనుకోండి. ఇంట్లో ఇద్దరికి గుండె వేగంతో పని పడింది. స్టెంట్ వేయించుకున్న నాన్నతో డాక్టర్ ‘రోజూ నడవండి, కానీ గుండె వేగం 110 దాటనివ్వకండి’ అని చెప్పారు. తమ్ముడేమో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాడు. ఇద్దరికీ పనికొస్తుందని అమెరికాలో ఉన్న అన్నయ్య ఓ ఖరీదైన స్పోర్ట్స్ వాచీ పంపించాడు. మొదటి రోజు నడకలోనే అది 128 చూపించింది. నాన్నకు ఆయాసం లేదు, నొప్పి లేదు. అయినా భయంతో మర్నాటి నుంచి నడక మానేశారు.

ఇలా జరిగితే తప్పు ఎవరిది? వాచీ పాడైపోలేదు. నాన్న గుండె కూడా గాడి తప్పి ఉండకపోవచ్చు. ఆ అంకె ఎలా వస్తుందో తెలియకపోవడమే ఇక్కడ అసలు చిక్కు.

వెలుగుతో వేసే లెక్క

వాచీని తిప్పి వెనకవైపు చూడండి. పచ్చగా మెరిసే చిన్న లైట్లు కనిపిస్తాయి. మన రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి రక్తం ఒక్కసారిగా ఎక్కువ వస్తుంది, అప్పుడు వెనక్కి తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది. రెండు స్పందనల మధ్య రక్తం తగ్గినప్పుడు కాంతి పెరుగుతుంది. లైట్ల పక్కనే ఉండే సెన్సర్ ఈ హెచ్చుతగ్గులను పట్టుకుంటుంది. వాటి ఆధారంగా లోపలి చిప్ నిమిషానికి ఎన్ని స్పందనలో లెక్క కడుతుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. అమెరికా శాస్త్రవేత్త ఆల్‌రిక్ హెర్ట్జ్‌మన్ 1930లలోనే వేళ్ల మీద కాంతి వేసి రక్తప్రవాహాన్ని గమనించారు. ఆసుపత్రిలో వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌దీ ఈ కుటుంబమే.

అంటే వాచీ నేరుగా గుండెను వినడం లేదు. గుండె నుంచి మణికట్టు దాకా వచ్చిన రక్తపు అలను కాంతితో చూసి అంచనా వేస్తోంది. ఆ అల చాలా చిన్నది. చెయ్యి ఊగినా, పట్టీ జారినా, చలికి రక్తనాళాలు ముడుచుకున్నా అది మరుగున పడిపోతుంది.

కూర్చుంటే సరి.. కదిలితే తేడా

మంచి కంపెనీల వాచీలు విశ్రాంతిలో బాగానే లెక్కపెడతాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వర్సిటీ 2017లో 60 మంది వలంటీర్ల మీద ఏడు రకాల పరికరాలను పరీక్షించింది. వాటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చూపాయి. కరిగిన కేలరీల సంగతి మాత్రం వేరు. అన్నింట్లోకీ మెరుగైన పరికరం కూడా సగటున 27 శాతం తప్పు చెప్పింది. కాబట్టి ‘400 కేలరీలు కరిగాయి’ అని వాచీ చెప్పిందని ఇంకో రెండు పూరీలు వేసుకోకండి.

డ్యూక్ వర్సిటీ పరిశోధకులు 2020లో 53 మందిని పరిశీలించారు. చర్మం రంగును బట్టి గుండె వేగం కొలతలో చెప్పుకోదగ్గ తేడా వారికి కనిపించలేదు. కానీ విశ్రాంతితో పోలిస్తే కదలికలో ఉన్నప్పుడు పొరపాటు సగటున 30 శాతం ఎక్కువగా ఉంది. అప్పటి వాచీల కన్నా ఇప్పటివి మెరుగయ్యాయి. అయినా కదలికతో వచ్చే చిక్కు పూర్తిగా పోలేదు.

అడుగులే గుండె చప్పుళ్లైతే..

నాన్న వాచీలో కనిపించిన 128 సంగతి చూద్దాం. చురుగ్గా నడిచేటప్పుడు మనం నిమిషానికి 100 నుంచి 130 అడుగులు వేస్తాం. ప్రతి అడుగుకూ చెయ్యి ఊగుతుంది, మణికట్టులో రక్తమూ కాస్త కదులుతుంది. ఈ కదలికను వేరుచేసి తీసేయడానికి వాచీలో మరో సెన్సర్ ఉంటుంది. అది తడబడితే వాచీ గుండె స్పందనలను వదిలేసి అడుగులను లెక్కపెట్టడం మొదలెడుతుంది. అప్పుడు గుండె 98 సార్లే కొట్టుకుంటున్నా తెర మీద 128 కనిపించవచ్చు. పరుగులో ఇది మరీ మామూలు. పరుగెత్తేవారి అడుగులు నిమిషానికి 160 నుంచి 180 దాకా ఉంటాయి. తేలిగ్గా జాగింగ్ చేస్తుంటే వాచీ అదే పనిగా 170 చూపిస్తోందా? ముందు మీ అడుగులను అనుమానించండి.

దీన్ని గుర్తుపట్టే చిట్కా ఒకటుంది. వాచీలో అడుగుల వేగం కూడా కనిపిస్తుంది. ఆ అంకె, గుండె వేగం అంకె జంటగా కదులుతుంటే లెక్క గాడి తప్పిందని అర్థం. ఒక నిమిషం ఆగి, పట్టీ సరిచేసుకుని మళ్లీ నడవండి.

లయబద్ధంగా చేతులు కదిలే ఏ పనిలోనైనా ఈ ఇబ్బంది తలెత్తవచ్చు. చప్పట్లు కొడుతూ బతుకమ్మ ఆడేటప్పుడు, గతుకుల రోడ్డు మీద బైక్ నడిపేటప్పుడు, జిమ్‌లో డంబెల్స్ ఎత్తేటప్పుడు వాచీ అంకెను పెద్దగా పట్టించుకోకండి.

పరుగు ముందు.. వాచీ వెనక

తమ్ముడి సమస్య ఇంకోటి. వాచీ ఒక్క స్పందనను చూసి అంకె వేయదు. కొన్ని సెకన్ల సమాచారం పోగేసి సగటు తీస్తుంది. అందుకే గుండె వేగం ఉన్నట్టుండి పెరిగినప్పుడు తెర మీద అంకె ఆలస్యంగా ఎక్కుతుంది. ఆగిపోయాక ఆలస్యంగా దిగుతుంది. వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 మేలో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ టీ20 విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు సృష్టించింది. అంత తక్కువ సమయంలో ముగిసే పరుగులో మణికట్టు వాచీ అంకె ఇంకా పైకి ఎక్కుతూ ఉండగానే గీత దాటేయవచ్చు.

కాబట్టి 30 సెకన్లు వేగంగా, ఒక నిమిషం నెమ్మదిగా.. ఇలా సాధన చేసే కుర్రాళ్లు వాచీలోని గుండె వేగాన్ని నమ్ముకోవద్దు. స్టాప్‌వాచీతో సమయం చూసుకోవడమే మేలు. ఇరవై ముప్పై నిమిషాలు ఒకే వేగంతో చేసే పరుగులో మాత్రం వాచీ చాలావరకు సరిగానే చెబుతుంది.

లక్ష పెడితే లెక్క పక్కానా?

కాదు. ధర పెరిగేది చాలావరకు టైటానియం చట్రానికి, గీతలు పడని నీలం రాతి అద్దానికి, రోజుల తరబడి నిలిచే బ్యాటరీకి, దారి చూపే మ్యాపులకు. ఉదాహరణకు గార్మిన్ ఫీనిక్స్ 7లోనూ, అంతకన్నా చాలా చవకైన ఫోర్‌రన్నర్ 255లోనూ ఉన్నది అదే నాలుగో తరం ‘ఎలివేట్’ సెన్సర్. పైగా కొన్ని ఖరీదైన వాచీలు పెద్దవిగా, బరువుగా ఉంటాయి. సన్నని మణికట్టు మీద బరువైన వాచీ ఎక్కువ ఊగుతుంది, లెక్క ఇంకా తప్పవచ్చు. గుండె వేగం కోసమే కొనేవారు ధర కన్నా ముందు వాచీ మీ చేతికి కదలకుండా అతుక్కుంటుందో లేదో చూసుకోండి.

వ్యాయామంలో కచ్చితమైన అంకె కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ మంచిది. ఇది కాంతితో కాకుండా ఈసీజీ లాగే గుండె విద్యుత్ సంకేతాలను పట్టుకుంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ కంపెనీ 1982లోనే వైర్లు లేని పట్టీని తెచ్చింది. క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 50 మందిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి పరీక్షించి, 2017లో ప్రచురించిన ఫలితాల్లో ఛాతీ పట్టీ అంకెలు ఈసీజీతో దాదాపు పూర్తిగా సరిపోయాయి. మణికట్టు పరికరాలు ఆ స్థాయిని అందుకోలేదు. వేగం ఇంత దాటకూడదని డాక్టర్ హద్దు పెట్టినవారికి, పోటీలకు సిద్ధమయ్యేవారికి కొన్ని వేల రూపాయల ఈ పట్టీ లక్ష రూపాయల వాచీ కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. చాలా స్పోర్ట్స్ వాచీలకు దీన్ని అనుసంధానం చేసుకోవచ్చు. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం ముందు డాక్టర్‌ను అడగాలి.

గుండె జబ్బు ఉంటే..

* బీపీకో, గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారిలో గుండె వేగం అంతగా పెరగదు. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం వస్తుందన్న లెక్క వీరికి వర్తించదు. వాచీ తనంతట తాను చూపే ‘జోన్లు’ సాధారణంగా వయసు లెక్క మీద ఆధారపడినవే. ‘ఇంకా వేగంగా నడవాలి’ అని అది చెప్పినా డాక్టర్ పెట్టిన హద్దే మీ హద్దు.

* ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే సమస్యలో కొన్ని స్పందనలు బలహీనంగా ఉండి మణికట్టు దాకా అందవు. గుండె 120 సార్లు కొట్టుకుంటున్నా వాచీ తక్కువ చూపించవచ్చు.

* గుండె లయ తేడాగా ఉందని వాచీ హెచ్చరిస్తే బెదిరిపోవద్దు, అలాగని పక్కన పెట్టొద్దు. 4 లక్షల మందికి పైగా పాల్గొన్న యాపిల్ హార్ట్ స్టడీ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అందులో ఇలాంటి హెచ్చరిక అందుకున్నది 0.52 శాతం మందే. హెచ్చరిక తర్వాత ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని పంపినవారిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ బయటపడింది. ఈ సమస్య వచ్చి పోతుంటుంది కాబట్టి ప్యాచ్‌లో కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు. వాచీలోని సమాచారం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మీ వాచీని మీరే పరీక్షించండి

1. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోండి.

2. వాచీ లేని చేతి మణికట్టు మీద, బొటనవేలి వైపు చూపుడు, మధ్య వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. బొటనవేలితో చూడొద్దు, దాని నాడే మీకు తగులుతుంది.

3. గోడ గడియారం చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చవేయండి. నాడి ఒక లయలో లేకపోతే నిమిషం నిండా లెక్కపెట్టండి.

4. వాచీ అంకెకు, మీ లెక్కకు అయిదు లోపు తేడా ఉంటే విశ్రాంతిలో దాన్ని నమ్మవచ్చు.

5. ఇప్పుడు పది నిమిషాలు చురుగ్గా నడిచి ఆగండి. ఆగీ ఆగగానే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. ఆలస్యం చేస్తే వేగం పడిపోతుంది. ఇక్కడ పది దాకా తేడా మామూలే. మూడు నాలుగు రోజులు ఇలాగే చూసినా 20, 30 తేడా వస్తుంటే నడకలో ఆ అంకెను వదిలేయండి.

నాడి దొరకకపోతే మాటే కొలమానం. నడుస్తూ మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ వ్యాయామం. రెండు మాటలకే ఊపిరి ఆడకపోతే వేగం తగ్గించాలి.

ఇలా కట్టుకుంటే మేలు

* మణికట్టు ఎముక మీద కాదు, దానికి వేలెడంత పైన కట్టుకోవాలి. వ్యాయామంలో కాస్త బిగించి, తర్వాత వదులు చేయాలి.

* గాజులు, కంకణాలు వాచీని పైకి లేపుతాయి. అవి లేని చేతికి పెట్టుకోండి. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే అది కాంతిని అడ్డుకుంటుంది, రెండో చేతికి మార్చండి.

* చలికాలం పొద్దున్నే బయల్దేరేముందు ఇంట్లోనే అయిదు నిమిషాలు ఒళ్లు వేడెక్కనివ్వండి. వాచీని స్వెటర్ చెయ్యి కిందే ఉంచండి.

* వెనకవైపు గాజును చెమట, నూనె లేకుండా మెత్తటి బట్టతో తుడవండి.

* ఒక్క రోజు అంకె కన్నా వారాల తరబడి వచ్చే మార్పును చూడండి. నిద్రలేవగానే కనిపించే వేగం ఎప్పుడూ 68 ఉండేది, వారంగా 80 దాటుతోందంటే జ్వరమో, నిద్రలేమో, ఒత్తిడో ఉండవచ్చు. వాచీ బాగా ఉపయోగపడేది ఇక్కడే.

* విశ్రాంతిలో గుండె వేగం తరచూ 100 దాటుతున్నా, 50 కన్నా తగ్గి కళ్లు తిరుగుతున్నా చేత్తో సరిచూసుకుని డాక్టర్‌ను కలవండి.

వాచీని చూడకూడని వేళ

ఛాతీలో బరువు, నొప్పి. అది ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకడం. చల్లటి చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం. ఇవి కనిపిస్తే వాచీలో 72 ఉన్నా ఊరట చెందొద్దు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది. ఆ సమయంలో గుండె వేగం మామూలుగానే ఉండవచ్చు. వాచీలోని ఈసీజీ సదుపాయం కూడా ఒక్క కోణం నుంచే చూస్తుంది. అది గుండెపోటును గుర్తించలేదని యాపిల్ కంపెనీయే తన సూచనల్లో రాసింది. షుగర్ ఉన్నవారిలో, పెద్ద వయసువారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసంతోనే గుండెపోటు రావచ్చు. మళ్లీ మళ్లీ వాచీ చూసుకుంటూ కూర్చుంటే పోయేది విలువైన సమయం. వెంటనే 108కి ఫోన్ చేయండి. మీరే బండి నడుపుకొంటూ వెళ్లొద్దు. పూర్తి ఈసీజీ తీసే ఆసుపత్రికి ఎంత త్వరగా చేరితే గుండె కండరం అంత ఎక్కువగా దక్కుతుంది.