వైఫైకి తాళం వేశారా?

రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ కట్టేశామా, వీధి తలుపు గడియ పెట్టామా అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాం. మరి హాల్లో మినుకుమినుకుమనే వైఫై పెట్టె సంగతి? దాని సిగ్నల్ గోడ దాటి పక్క వాటాలోకీ వెళ్తుంది.

"వాడుకుంటే వాడుకోనీ, మనకేం పోయింది?" అనుకోకండి. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు ఓ ఈమెయిల్ వచ్చింది. పోలీసులు ఆరా తీస్తే అది నవీ ముంబైలోని ఓ ఇంటి వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. పాపం, ఆ ఇంటాయన విచారణ ఎదుర్కోవాల్సి వచ్చింది!

అందుకే ఈ జాగ్రత్తలు:

* పెట్టె బిగించినవాళ్లు ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చేయండి. ఫోన్ నంబరు, పిల్లల పేర్లు వద్దు. చింతపండు, రైలు, గొడుగు, నెమలి... ఇలా పొంతన లేని నాలుగైదు మాటలు మీరే ఏరుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కలపండి.

* రూటర్ సెట్టింగులకు వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. అదీ మార్చాలి.

* సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ3, అది లేకుంటే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. పాతకాలపు డబ్ల్యూఈపీ గుట్టు 2001లోనే రట్టయింది.

* వచ్చేపోయే చుట్టాలకు 'గెస్ట్' నెట్‌వర్క్ ఇవ్వండి. టైలరింగో, బ్యూటీ పార్లరో నడిపేవారు కస్టమర్లకూ అదే ఇస్తే, లెక్కలున్న కంప్యూటర్ జోలికి ఎవరూ రారు.

మనవల్ల ఏమవుతుందిలే అనుకోకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీ చేత్తోనే మార్చండి. కొత్త పాస్‌వర్డ్ రాసి ఫ్రిజ్ తలుపు మీద మాత్రం అంటించకండి సుమా!