హైస్కూల్లో ఇంగ్లిష్: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇంగ్లిష్ మీడియంలో వేస్తే ఇంగ్లిష్ దానంతటదే వస్తుంది.

మీడియం వేరు, భాష నేర్చుకోవడం వేరు. తెలంగాణ సర్కారు బడులన్నింటిలో 2022–23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఆ తరగతుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. మొక్క ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో ఇంగ్లిష్‌లో చదివితే ఆ పాఠంలోని మాటలు వస్తాయి. దారి అడగడం, సెలవుచీటీ రాయడం, ఎదుటివారి మాటను మర్యాదగా కాదనడం సైన్సు పాఠంలో దొరకవు. వాటిని ఇంగ్లిష్ పీరియడే నేర్పాలి. అక్కడ కూడా సారు చదివి, అర్థం తెలుగులో చెప్పి, జవాబులు బోర్డు మీద రాస్తే ఇంగ్లిష్ వాడింది సారొక్కరే. పిల్లలు ఎంతసేపు నోరు విప్పారన్నదే అసలు లెక్క.

అపోహ: తెలుగును పక్కన పెడితేనే ఇంగ్లిష్ పట్టుబడుతుంది.

చదివినదాని సారం పట్టుకునే నేర్పు ఒక భాషలో అబ్బితే మరో భాషలోనూ పనికొస్తుంది. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి (సినారె) సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మీడియంలో చదివి, తెలుగు కవిగా 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందారు. ఒక్క సినారెను చూపి సూత్రం కట్టలేం గానీ, చదివిన మీడియం మరో భాషకు అడ్డుగోడ కాదనడానికి ఆ ఒక్కరు చాలు.

అపోహ: ఇంగ్లిష్ సాహిత్యమంటే తెల్లవాళ్ల కథలు.

2014లో వచ్చిన పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకం తిరగేస్తే ఈ మాట నిలవదు. పి. సత్యవతి తెలుగు కథ ‘ఇల్లలకగానే’ అందులో ఇంగ్లిష్‌లో ఉంది. దళితుడు మేడ కట్టుకోవడం ఓర్వలేని ఊరి గురించి వామన్ హోవాళ్ రాసిన మరాఠీ కథ, అబ్దుల్ కలాం బాల్యం, నైజీరియా కవి గాబ్రియల్ ఒకారా కవిత ఉన్నాయి. స్టాన్లీ హౌటన్ నాటిక మాత్రం అచ్చంగా ఇంగ్లండుదే. తాత చనిపోయాడనుకుని కూతుళ్లు సామాను పంచుకుంటుంటే ఆయన లేచి వస్తాడు. ఇంటి పంపకాలు చూసిన పిల్లలకు దీన్ని ప్రత్యేకంగా విడమరచి చెప్పనక్కర్లేదు.

అపోహ: ముందు గ్రామరు, తర్వాతే మాటలు.

సూత్రాలన్నీ అప్పజెప్పి, పేరూ ఊరూ చెప్పమంటే తడబడేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. గ్రామరు అవసరమే, వాడుకతో పాటు.

అపోహ: గైడు బట్టీ పడితే గట్టెక్కొచ్చు.

పదో తరగతి పరీక్షలో ముందెన్నడూ చూడని పేరా ఇచ్చి ప్రశ్నలడుగుతారు. ఉత్తరమో సంభాషణో సొంతంగా రాయమంటారు. వీటికి గైడులో జవాబు ఉండదు. ఆపైన ఇంటర్‌లో 2023–24 నుంచి మొదటి సంవత్సరం ఇంగ్లిష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్ పెట్టారు. అక్కడ మాట్లాడి చూపించాలి.