ప్లాస్మా సంక్షోభములో కణాభిఘాతముల పాత్ర

పొగగొట్టము నుండి వెలువడు పొగలో పెద్ద సుడులు చిన్న సుడులుగను, అవి మరింత చిన్నవిగను చీలిపోవును. 1941లో సోవియట్ గణితజ్ఞుడు కొల్మొగొరోవ్ ఈ అంచెలంచెల శక్తిప్రసారమునకు సూత్రము నిచ్చెను. సుడులు మిల్లీమీటరు ప్రమాణమునకు వచ్చుసరికి గాలి స్నిగ్ధత వాటిని అణచి, ఆ శక్తిని ఉష్ణముగా మార్చును. అణువులు ఎడతెగక ఢీకొనుచు వేగమును పంచుకొనుట వలననే ఈ స్నిగ్ధత కలుగుచున్నది. గాలిలో ఒక అణువు సగటున మిల్లీమీటరులో పదివేలవ వంతైనను పోకమునుపే మరొకదానితో ఢీకొనును.

ఈ అభిఘాతములే అరుదైనచో సుడుల శక్తి ఏమగును?

సూర్యుని నుండి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో వీచు సౌరపవనము అట్టి ప్లాస్మా. భూమి దాపున ఘన సెంటీమీటరుకు సాధారణముగా కొద్ది ప్రోటానులే ఉండును. ప్లాస్మాలో అభిఘాతమనగా గోలీలు తగులుట వంటిది కాదు. విద్యుదావేశముల లాగుడు, తోపుడు వలన కణము దారి కొంచెము కొంచెముగా వంగుటయే. ఉష్ణోగ్రత నూరురెట్లు పెరిగినచో అభిఘాతములు వేయిరెట్లు తగ్గును. ఇచ్చట ఒక ప్రోటాను దారి పూర్తిగా మరలుటకు పట్టు దూరము సూర్యునికి భూమికి గల 15 కోట్ల కిలోమీటర్లతో పోల్చదగినది. అయినను సౌరపవనమున సంక్షోభము కలదు. పైగా, వ్యాకోచించు వాయువు చల్లబడవలసినంతగా అది చల్లబడుట లేదని అంతరిక్ష నౌకలు కొలిచి చూపినవి.

1946లో లాండౌ ఒక మార్గము చూపెను. అలతో సమానమైన వేగముగల కణములు దాని శక్తిని గ్రహించును. అభిఘాతములు లేకయే అల నశించును. 1964లో అమెరికాలో మాల్మ్‌బర్గ్, వార్టన్ దీనిని ప్రయోగమున నిరూపించిరి. అయితే ఆ శక్తి నిజముగా ఉష్ణమైనదా? కాలేదని 1968లో తేలెను. ప్లాస్మాలో ఒకచోట ఒక అలను, కొంత దూరమున వేరొక పౌనఃపున్యముగల అలను పుట్టించిరి. రెండును నశించిన పిమ్మట, మరికొంత దూరమున ఎవరును పుట్టించని మూడవ అల లేచెను! దీనినే ప్లాస్మా ప్రతిధ్వని అందురు. నశించిన అలల జాడ కణముల వేగములలో సన్నని ముడుతలుగా నిలిచియే ఉన్నదన్నమాట.

ఆ జాడను చెరపునవి అభిఘాతములే. అరుదైనవి ఆ పని ఎట్లు చేయగలవు? ఎడముగా వేసిన ముగ్గుగీతలు చిరుగాలికి కలసిపోవు. వెంట్రుకవాసి ఎడముతో వేసినవి ఇట్టే కలసిపోవును. వేగములలోని ముడుతలును కాలము గడచినకొలది సన్నబడును. అప్పుడు దారి ఇసుమంత వంగినను చాలును, ముడుత చెరిగిపోవును. ఎంట్రపీ పెరిగి, శక్తి మరలిరాని ఉష్ణమగును.

ఆ ఉష్ణములో ప్రోటానుల వాటా ఎంత, ఎలక్ట్రానుల వాటా ఎంత అనుటలో ఇంకను ఏకాభిప్రాయము లేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లో సౌరపవన కణముల శక్తిని కొలుచు పరికరములు కలవు.