కార్తీకపు చలికి లెక్క పుస్తకం

కార్తీకమాసం సగం గడిచేసరికి తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవలసి వస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పత్రికల్లో ఒక వార్త కనబడుతుంది: "హైదరాబాదులో పదేళ్లలో ఎన్నడూ లేనంత చలి!" ఇంట్లో తాతగారు ఆ వార్త చదివి నవ్వుతారు. "ఇదీ ఒక చలేనా? మా చిన్నప్పుడు..." అని మొదలుపెడతారు. పత్రిక చెప్పింది నిజమా, తాతగారు చెప్పింది నిజమా? పిల్లలూ, మీరు ఎవరి పక్షాన ఉంటారు?

తొందరపడకండి. ఇద్దరి మాటా నిజం కావచ్చు. అది తేల్చాలంటే ఒక పుస్తకం తెరవాలి. అందులో ఒక్కొక్క తేదీకి ఒక్కొక్క వరుస ఉంటుంది. ఆ తేదీన ఏ సంవత్సరంలో ఎంత వేడి, ఎంత చలి నమోదైందో రాసి ఉంటుంది. హైదరాబాదుకు అటువంటి పుస్తకం బేగంపేటలోని వాతావరణ కేంద్రం దగ్గర ఉంది. ఆ కేంద్రం చూసిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది 1946 జనవరి 8న. అతి ఎక్కువ 45.5 డిగ్రీలు, అది 1966 జూన్ 2న. ఇవి సంవత్సరం మొత్తానికి సంబంధించిన రికార్డులు. మనకు కావలసింది వీటికన్నా చిన్నది, నన్నడిగితే వీటికన్నా ఆసక్తికరమైనది: ఒక తేదీ రికార్డు. ఉదాహరణకు నవంబరు 25.

తేదీకొక రికార్డు ఎందుకు? నెలకొకటి ఉంటే చాలదా? చాలదు. నవంబరు నెల మెట్లు దిగే నెల. నైరుతి ఋతుపవనాలు వెనక్కు మళ్లిపోయాయి. ఈశాన్యం నుంచి పొడిగాలి వీస్తుంది. దక్కను పీఠభూమి మీద ఆకాశం తేటపడుతుంది. నెల చివరికి రాత్రి పన్నెండున్నర గంటలు దాటిపోతుంది. పగలంతా నేల సంపాదించిన వేడిని రాత్రంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు దుప్పటి లేదు కనుక అది తిరిగి రాదు. అందువల్ల నెల మొదట్లో ఉండే రాత్రి ఉష్ణోగ్రతకూ నెలాఖరున ఉండే దానికీ రెండు మూడు డిగ్రీల తేడా సహజంగానే వస్తుంది. నవంబరు 3న 14 డిగ్రీలు పడితే అది వింత. నవంబరు 29న 14 డిగ్రీలు పడితే ఎవరూ తల తిప్పి చూడరు. సంఖ్య ఒకటే, అర్థం వేరు. అందుకే ప్రతి తేదీని అదే తేదీతో పోల్చాలి.

ఇంకొక మాట. అతి చల్లని సమయం అర్ధరాత్రి అని చాలామంది అనుకుంటారు. కాదు. నేల తెల్లవార్లూ వేడిని పోగొట్టుకుంటూనే ఉంటుంది. సూర్యుడు వచ్చి ఆ నష్టాన్ని పూడ్చడం మొదలుపెట్టే దాకా చల్లబడుతూనే ఉంటుంది. కనుక కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా సూర్యోదయం వేళ నమోదవుతుంది. కార్తీక స్నానాలకు బయలుదేరే అమ్మమ్మలకు ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

తెల్ల పెట్టెలో కాపలాదారులు

తెల్లవారుజామున ఎవరూ మేలుకొని థర్మామీటరు ముందు కూర్చోనక్కరలేదు. రాత్రి ఎంత దిగిందో గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఉంది. దీనిలో పాదరసానికి బదులు ఆల్కహాలు పోస్తారు. ఆ ద్రవంలో డంబెల్ ఆకారంలో సన్నని పుల్ల ఒకటి మునిగి ఉంటుంది. థర్మామీటరును అడ్డంగా పడుకోబెడతారు. చలికి ఆల్కహాలు కుంచించుకున్నప్పుడు దాని పైపొర ఆ పుల్లను తనతో వెనక్కు ఈడ్చుకుపోతుంది. ఎండ ఎక్కి ఆల్కహాలు వ్యాకోచించినప్పుడు మాత్రం పుల్లను కదపకుండా దాని పక్కనుంచి ముందుకు సాగిపోతుంది. పుల్ల ఆగిన చోటే ఆ రాత్రి కనిష్ఠం. ఎంత చక్కని ఉపాయమో చూశారా! గరిష్ఠ ఉష్ణోగ్రతకు పాదరసపు థర్మామీటరు వాడతారు. జ్వరం చూసే పాత థర్మామీటరులో లాగే దీని గొంతు దగ్గర ఒక నొక్కు ఉంటుంది. పైకెక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు.

ఈ రెండింటినీ తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో ఉంచుతారు. పెట్టె గోడలు కిటికీ రెక్కల్లా ఏటవాలు పలకలతో ఉంటాయి. గాలి ఆడుతుంది, ఎండ పడదు. మన దేశంలో దాని తలుపు ఉత్తరానికి తెరుచుకుంటుంది. తలుపు తీసినప్పుడు కూడా సూర్యుడు లోపలికి తొంగిచూడకూడదు కదా! దీనిని స్టీవెన్సన్ పెట్టె అంటారు. దీన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ దీపస్తంభాలు కట్టిన స్కాట్లండు ఇంజనీరు. 'ట్రెజర్ ఐలాండ్' అనే నవల రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఈయన కొడుకే.

థర్మామీటర్లు నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఉంటాయి. ఈ ఎత్తును తేలికగా తీసుకోకండి. గాలి స్తంభించిన తేట రాత్రిలో గడ్డి మీద ఉష్ణోగ్రత నాలుగడుగుల ఎత్తున ఉన్న గాలి కన్నా కొన్ని డిగ్రీలు తక్కువగా ఉండవచ్చు. పొద్దున్నే గడ్డి మీద మంచు బిందువులు మెరుస్తుంటే, మీ తల దగ్గర గాలి మాత్రం అంత చల్లగా లేకపోవడానికి కారణం అదే. ఒకరు గడ్డి మీదా, ఒకరు మేడ మీదా కొలిచి, నీది తప్పంటే నీది తప్పని పోట్లాడుకుంటే లాభం లేదు.

కొలిచే వేళ కూడా ఒకటే ఉండాలి. మన దేశంలో ఉదయం 8.30కు కనిష్ఠాన్ని, సాయంత్రం 5.30కు గరిష్ఠాన్ని చదువుతారు. 8.30 ఏమిటి, ఎనిమిదో తొమ్మిదో కాకుండా? మన గడియారం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. మనకు 8.30 అయితే అక్కడ సరిగ్గా 3 గంటలు. ప్రపంచమంతా ఒకే క్షణంలో పరిశీలించాలన్న ఒప్పందంలో మన వాటాకు వచ్చిన వేళ అది.

పాత పుస్తకాలు

ఇటువంటి లెక్కలు రాయడం నిన్న మొన్న మొదలైంది కాదు. చెకోస్లొవేకియా విడిపోయాక 1993లో చెక్ దేశానికి రాజధాని అయిన ప్రాగ్ నగరంలో, క్లెమెంటినం అనే పాత విద్యాలయ భవనంలో 1775 నుంచి ప్రతిరోజూ తెగకుండా ఉష్ణోగ్రత రాస్తున్నారు. రాజ్యాలు మారాయి, యుద్ధాలు వచ్చాయి, ఆ పుస్తకంలో మాత్రం పేజీ తప్పలేదు.

మన దక్షిణాదిలో మద్రాసు నక్షత్రశాలలో గోల్డింగ్‌హామ్ అనే ఖగోళజ్ఞుడు 1796లో వాతావరణ పరిశీలనలు ప్రారంభించాడు. తెలుగువారి సంగతి అంతకన్నా ముచ్చటైనది. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో తన సొంత డబ్బుతో నక్షత్రశాల నెలకొల్పాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపాడు. 1868 నవంబరు 5న సూర్యబింబం మీదుగా బుధగ్రహం దాటిపోవడాన్ని గమనించాడు. రోజూ వాతావరణ వివరాలు కూడా నమోదు చేసి ప్రభుత్వానికి పంపుతుండేవాడు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. దానికి ముప్ఫై ఐదేళ్ల ముందే మన విశాఖలో దూరదర్శిని ఉన్నదన్నమాట!

ముప్ఫై చీటీల ఆట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రికార్డు బద్దలైందంటే ఎంత ఆశ్చర్యపడాలి? ఇందుకు ఒక ఆట ఆడండి. పాత నోటుపుస్తకం కాగితాన్ని ముప్ఫై చీటీలుగా చింపి 1 నుంచి 30 వరకు అంకెలు వేసి, మడిచి, గిన్నెలో కలపండి. ఒక్కొక్కటే తీయండి. అంతకుముందు వచ్చిన అన్ని అంకెలకన్నా చిన్నది వస్తే "రికార్డు" అని కేక వేయండి. మొదటి చీటీ ఎలాగూ రికార్డే. మొత్తం ముప్ఫై తీసేసరికి ఎన్ని కేకలు వేస్తారు?

పది, పదిహేను అనుకుంటారేమో! ఆటను చాలాసార్లు ఆడి సగటు చూడండి. నాలుగు దగ్గర తేలుతుంది. కారణం తేలికే. పదో చీటీ తీసినప్పుడు, అప్పటికి బయటికొచ్చిన పదింటిలో అతి చిన్నది అదే కావడానికి పదింట ఒక వంతు అవకాశం. ముప్ఫయ్యో చీటీకి ముప్ఫైలో ఒక వంతు. ఒకటి, అర, మూడోవంతు, పావు... ఇలా ముప్ఫయ్యో వంతు దాకా కూడితే దాదాపు నాలుగు వస్తుంది. నూరు చీటీలతో ఆడినా ఐదు దాటి కొంచెమే.

చీటీ అంటే ఒక సంవత్సరపు నవంబరు 25 అనుకోండి. వాతావరణం ఏళ్ల తరబడి ఒకే తీరున ఉంటే రికార్డులు కూడా ఇదే లెక్కన రావాలి. కేంద్రం వయస్సు పదేళ్లయితే ఒక్కొక్క తేదీకి పదింట ఒక వంతు అవకాశం. నవంబరులో ముప్ఫై రోజులు. అంటే ఆ ఒక్క నెలలోనే సగటున మూడు కొత్త చలి రికార్డులు! వాటితో పాటు మూడు వేడి రికార్డులు కూడా. నూరేళ్ల కేంద్రంలో అయితే మూడు నాలుగు నవంబర్లకు ఒక చలి రికార్డు వస్తే గొప్ప.

ఇప్పుడు పత్రిక వార్తను మళ్లీ చదవండి. ఏ కేంద్రం రికార్డు అది? ఈ శతాబ్దంలో నగరం చుట్టూ స్వయంచాలిత కేంద్రాలు చాలా వెలిశాయి. శీతకాలంలో తరచుగా శేరిలింగంపల్లి ప్రాంతం పేరు వినబడుతుంది. విశ్వవిద్యాలయపు చెట్లూ బండలూ ఉన్న చోటు కనుక రాత్రి త్వరగా చల్లబడుతుంది. ఆ అంకె అబద్ధం కాదు. కాని చిన్న వయస్సు కేంద్రంలో రికార్డు బద్దలు కావడం చిన్నపిల్లవాడు ఏటా పొడుగు పెరగడం లాంటిది. దానిని బేగంపేట 1946 నాటి అంకె పక్కన పెట్టి తూచకూడదు.

తక్కెడ ఎటు మొగ్గింది?

చీటీల ఆటలో ఇంకొక రహస్యం ఉంది. చిన్న అంకెల రికార్డులెన్నో పెద్ద అంకెల రికార్డులూ సగటున అన్నే రావాలి. అలాగే మారని వాతావరణంలో చలి రికార్డులూ వేడి రికార్డులూ సమానంగా ఉండాలి. తక్కెడ ఒక పక్కకు మొగ్గితే, ఎవరో గిన్నెలో చీటీలు మారుస్తున్నారన్నమాట. అమెరికాలో ఇలా లెక్క కట్టారు. 1950ల దశకంలో రెండూ దాదాపు సమానం. 2000 తర్వాతి పదేళ్లలో వేడి రికార్డులు చలి రికార్డులకు సుమారు రెండింతలు. భూగోళం వేడెక్కుతున్నదనడానికి ఇదొక మంచి సాక్ష్యం. చలి రికార్డులు పూర్తిగా ఆగిపోలేదు చూడండి, తగ్గాయి, అంతే. కనుక ఒక చలి రాత్రిని చూపించి "ఇంకెక్కడి వేడి?" అనేవారి మాట నిలవదు.

హైదరాబాదు విషయంలో చిక్కు మరొకటి ఉంది. బేగంపేట కేంద్రం ఉన్నచోటే ఉంది, నగరమే దాని చుట్టూ పెరిగింది. ఒకప్పుడు ఊరి అంచు, ఇప్పుడు నడిబొడ్డు. సిమెంటు గోడలూ తారురోడ్లూ పగలు మింగిన వేడిని రాత్రంతా నెమ్మదిగా కక్కుతాయి. ఈ ప్రభావం ఎక్కువగా కనబడేది సరిగ్గా తేటగా, గాలి లేకుండా ఉండే కార్తీక రాత్రుల్లోనే. అందుచేత బేగంపేటలో పాత చలి రికార్డులు బద్దలు కాకపోవడానికి రెండు కారణాలు కలిసిపోయి ఉన్నాయి: లోకమంతటి వేడి కొంత, ఊరి వేడి కొంత. వీటిని విడదీయడానికి శాస్త్రజ్ఞులు నగరానికి దూరంగా, పొలాల మధ్య ఉన్న కేంద్రాల లెక్కలతో పోల్చి చూస్తారు. పొలంలోనూ పెరిగినంత మేర లోకానిది, నగరంలో అదనంగా పెరిగినది ఊరిది. తాతగారి చిన్నప్పటి చలి ఎక్కడికి పోయిందో ఇక్కడ కొంత దొరుకుతుంది.

మబ్బుల సంగతి మరచిపోకూడదు. నవంబరు బంగాళాఖాతంలో తుపానుల నెల. దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19నే. తుపాను మబ్బు కమ్మిన రోజున ఎండ లేక పగటి ఉష్ణోగ్రత బాగా తగ్గుతుంది. దుప్పటి కప్పినట్లై రాత్రి ఉష్ణోగ్రత పెరుగుతుంది. పగలు వణికి, రాత్రి "చలి లేదే!" అనుకుంటాం. కనుక ఒకే రోజున పగటికి చలి రికార్డు, రాత్రికి వేడి రికార్డు కూడా రావచ్చు.

మీ బడిలో కూడా ఒక పుస్తకం మొదలుపెట్టవచ్చు. థర్మామీటరును వంటింటి గోడకూ రేకుల కప్పుకూ దూరంగా, నీడలో, గాలి ఆడే చోట, నాలుగడుగుల ఎత్తున వేలాడదీయండి. కనిష్ఠం చూపే థర్మామీటరు లేకపోతే రోజూ సూర్యోదయం వేళ చదివితే సరిపోతుంది. తేదీ, వేళ, అంకె రాయండి. ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకుని ఎన్ని భాగాల్లో మబ్బు ఉందో పక్కన వేయండి. వాతావరణ కేంద్రాల వారు చేసేదీ అదే. థర్మామీటరును ఎప్పుడైనా చోటు మార్చవలసి వస్తే కొత్త చోటు, మార్చిన తేదీ ఎర్రసిరాతో తప్పక రాయండి. వీలైతే నెల రోజులు పాత చోటా కొత్త చోటా రెండు థర్మామీటర్లు ఉంచి తేడా ఎంతో చూసుకోండి. మీ తర్వాత ఆ పుస్తకం తెరిచేవారికి మొదట కావలసింది ఆ ఎర్రసిరా వాక్యమే.