మొదటి విడతలో కోరిన సీటు రాకపోతే...



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మొదట హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాం. కానీ ప్రతి ఏడూ వానలు మొదలయ్యే వేళకు షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ నుంచి మాకు ఫోన్లు వస్తాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, పోయినేడు నాకంటే వెనక ర్యాంకు వాడికి ఆ కాలేజీలో సీటొచ్చింది. నాకెందుకు రాలేదు?" ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేని జవాబును ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు మా బ్యాచ్‌లో జరిగిన సంగతి చెప్పాలి. మేము 2019లో ఇంటర్ పూర్తి చేశాం. మా మిత్రుడొకడికి ఎంసెట్ మొదటి విడతలో కోరుకున్న కంప్యూటర్స్ రాలేదు, సివిల్ వచ్చింది. "ఇది వదిలెయ్, రెండో విడతలో మంచిది వస్తుంది" అని ఎవరో చెప్పారు. వాడు సెల్ఫ్ రిపోర్టింగ్ చేయలేదు. సీటు రద్దయింది. రెండో విడతలో ఐదే ఆప్షన్లు పెట్టాడు, ఒక్కటీ రాలేదు. చివరికి ఒక ప్రైవేటు కాలేజీలో స్పాట్ అడ్మిషన్ తీసుకున్నాడు. స్పాట్‌లో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదన్న సంగతి చేరాక తెలిసింది. వాళ్ల నాయన అప్పు చేసి రెండేళ్లు ఫీజు కట్టాడు. మూడో ఏడు కట్టలేకపోయాడు. మా మిత్రుడు ఇప్పుడు షిఫ్టు పనికి పోతున్నాడు. వాడికి చదువు రాక కాదు, తెలివి లేక కాదు. విడతల లెక్క చెప్పేవాళ్లు లేక అలా జరిగింది.

ఆ లెక్క నిజానికి చాలా సులువు. కంప్యూటర్ అభ్యర్థులందరినీ ర్యాంకు వరుసలో నిలబెడుతుంది. మొదటి ర్యాంకు వాడి ఆప్షన్లను పైనుంచి కిందికి చూస్తూ, ఖాళీ ఉన్న మొట్టమొదటి సీటు ఇస్తుంది. తర్వాత రెండో ర్యాంకు, తర్వాత మూడో ర్యాంకు. మన వంతు వచ్చేసరికి ఏం మిగిలిందో అందులో మన జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది మనకు వస్తుంది. ఓపెన్ సీటు లేకపోతే మన రిజర్వేషన్‌లో చూస్తుంది. అందువల్ల పెద్ద కాలేజీని పైన రాస్తే కింద రాసిన కాలేజీ పోతుందనేది ఒట్టి అపోహ. పైది రాకపోతే కిందిదాన్ని అదే ర్యాంకుతో చూస్తారు. మనం పైన ఇంకో కాలేజీ రాశామని మన వరుస వెనక్కి పోదు.

ఐఐటీ, ఎన్‌ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్ 2015లో మొదలైంది. అందులో వాడే పద్ధతికి మూలం 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు అమెరికా గణిత శాస్త్రజ్ఞులు రాసిన వ్యాసం. ఈ రకమైన పరిశోధనకే షాప్లీకి, ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇలాంటి పద్ధతిలో అభ్యర్థి తన ఇష్టాన్ని ఉన్నదున్నట్టు వరుసగా రాయడమే మేలని తర్వాతి పరిశోధకులు నిరూపించారు.

మరి లెక్క ఇంత సూటిగా ఉంటే ఫలితం ముందుగా ఎందుకు అంచనా వేయలేం? మాకు తెలిసి మూడు కారణాలున్నాయి.

మొదటిది, మన జాబితాలు చిన్నవి. విశ్వవిద్యాలయ కాలేజీలో ఒక బ్రాంచికి 60 సీట్లున్నాయనుకుందాం. ఎస్సీలకు 15 శాతం అంటే 9 సీట్లు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. గ్రూపు 1కి 1 శాతం, గ్రూపు 2కి 9 శాతం, గ్రూపు 3కి 5 శాతం అయింది. అదే 60 సీట్లలో గ్రూపు 3కి మూడు, గ్రూపు 2కి సుమారు ఐదు, గ్రూపు 1కి ఒకటి కూడా నిండదు. మళ్లీ ఇందులో మూడో వంతు ఆడపిల్లలకు. మూడు సీట్ల జాబితాలో "చివరి ర్యాంకు" అంటే మూడో మనిషి ర్యాంకు, అంతే. ఆ ఒక్కరు వరంగల్ ఎన్‌ఐటీకి పోతే వారి వెనక ఉన్నవారు ఐదువందల ర్యాంకుల దూరంలో ఉండొచ్చు, ఐదువేల దూరంలోనూ ఉండొచ్చు. పోయినేటి చివరి ర్యాంకు ఒక మనిషి కథ. అది ఈ ఏటి గీత కాదు.

రెండోది, నిబంధనలు మారుతుంటాయి. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. కరోనా కాలంలో ఆపారు, 2023లో పూర్తిగా తీసేశారు. 2024లో పరీక్ష పేరే ఎప్‌సెట్ అయింది. 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు 2024 వరకు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు కూడా పోటీ పడేవారు. 2025 నుంచి అది మారింది. పదో తరగతి మార్కులతో సీట్లిచ్చే బాసర ట్రిపుల్ ఐటీ కూడా, పది పరీక్షలు రద్దయిన 2021లో పాలిసెట్ ర్యాంకు చూసింది. ఇన్ని మారాక పాత పట్టిక చేతిలో పట్టుకొని ఏడిస్తే ప్రయోజనం లేదు.

మూడోది, మొదటి విడతలో సీటు పట్టుకున్నవారందరూ చేరరు. కొందరు ఎన్‌ఐటీకి, కొందరు మెడిసిన్‌కు, కొందరు డిగ్రీకి పోతారు. వాళ్లు ఖాళీ చేసినవి రెండో విడతలో కదులుతాయి. ఎంత కదులుతాయో ఏ సీనియరూ చెప్పలేడు, ఏ కన్సల్టెన్సీ వాడూ చెప్పలేడు. చెబుతామని డబ్బులడిగితే నమ్మకండి.

ఈ అయోమయం మనకొక్కరికే లేదు. అమెరికాలో మిషిగన్, జార్జియా, నార్త్ కరోలినా వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ముందుగా దరఖాస్తు చేసుకుంటే ముందుగా జవాబిస్తారు. ఆ జవాబు "అవును" కావచ్చు, "కాదు" కావచ్చు, కొన్నిచోట్ల "ఇంకా ఆగండి" అని కూడా రావచ్చు. అక్కడ మార్కులతో పాటు వ్యాసాలు, చదివిన సబ్జెక్టులు, ఇతర విషయాలూ చూస్తారు. కనుక తనకెందుకు రాలేదో అక్కడి పిల్లవాడికి తెలియదు. మనకు ఆ బాధ లేదు. మన దగ్గర వరుస ర్యాంకుది. కారణం వెతికితే దొరుకుతుంది.

కనుక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేము చెప్పేవి ఇవి.

ఆప్షన్లు మీ ఇష్టం వరుసలోనే రాయండి. ఐదారుతో ఆపకండి, యాభై రాసినా తప్పు లేదు. అయితే వస్తే చేరతామనుకున్నవే రాయండి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో 2025లో అసలు కేటాయింపుకు ముందు నమూనా కేటాయింపు కూడా చూపించారు. అలాంటిది ఉన్నప్పుడు అది చూసి వరుస సరిదిద్దుకోండి.

వచ్చిన సీటును గడువులోగా పట్టుకోండి. చెప్పిన మొత్తం కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేస్తేనే అది మీది. డిగ్రీకి 2016 నుంచి నడుస్తున్న దోస్త్‌లోనూ ఇదే సూత్రం. సీటు పట్టుకున్నంత మాత్రాన రెండో విడత తలుపు మూసుకుపోదు. కానీ ఎప్‌సెట్‌లో రెండో విడతకు ఆప్షన్లు మళ్లీ కొత్తగా ఇవ్వాలి. కొత్తది వస్తే పాతది పోతుంది, తిరిగి రాదు. అందుకే ఉన్నదానికంటే మంచివని మీకు నిజంగా అనిపించినవే రెండోసారి రాయండి.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలొచ్చాక కాదు, ఎండాకాలంలోనే మీసేవలో తీసుకోండి. ఎస్సీ పత్రంలో గ్రూపు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అప్పుడే సరిచేయించుకోండి. గడువు చివరి రోజు నెట్ సెంటర్ ముందు నిలబడే పరిస్థితి తెచ్చుకోకండి.

స్పాట్ అడ్మిషన్‌కు సంతకం పెట్టేముందు ఒక్కటే ప్రశ్న అడగండి: "దీనికి రీయింబర్స్‌మెంట్ వస్తుందా?" జవాబు నోటితో చెబితే చాలదు, నోటిఫికేషన్‌లో చూపించమనండి.

చివరి మాట. మా బ్యాచ్ ఇంటర్ ఫలితాలు 2019 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు వాటిలో తప్పులు దొర్లాయి. తెర మీద కనిపించిన "ఫెయిల్" అనే మాట చూసి మా ఈడు పిల్లలు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత తప్పినవారందరి పేపర్లను ఉచితంగా తిరిగి చూస్తే కొందరు పాసయ్యారు. ఆ రోజులు మేము మరిచిపోలేదు. తెర మీద వచ్చేది ఆ రోజుకు వేసిన లెక్క మాత్రమే, అది మన మీద తీర్పు కాదు. లెక్కను మళ్లీ చూడొచ్చు, మళ్లీ వేయొచ్చు. రెండో విడత ఉంది, మరుసటి ఏడు ఉంది, డిగ్రీ చేసి పీజీ ఎంట్రెన్స్ రాసే దారి ఉంది. మేము వచ్చింది ఆ దారినే. మా ఇంట్లో అంతకుముందు డిగ్రీ చదివినవారు లేరు. కౌన్సెలింగ్ అంటే ఏమిటో అడగడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే హాస్టల్లో ఒక సీనియర్ ఉండాలి. మాకు ఒక అన్న ఉన్నాడు, మా మిత్రుడికి ఆ రోజు లేడు. తేడా అంతే.

అందుకే పూర్వ విద్యార్థులను ఒకటి కోరుతున్నాం. వచ్చే వానాకాలం, విడతలు మొదలయ్యే వారంలో ఒక ఆదివారం హాస్టల్‌కు రండి. పిల్లల పక్కన కూర్చొని ఆప్షన్లు రాయించండి. మేమూ వస్తాం.